నాచారం గ్రౌండ్‌లో ముగ్గుపిండి

నాకు ముగ్గులంటే ప్రాణమని మా అమ్మ అందరికీ చెబుతుంది. నన్నెప్పుడూ తప్పుగానే అర్థం చేసుకుంది. ఈ ఉదయం ముగ్గుపిండి చేతిలోకి తీసుకోగానే నాచారం గ్రౌండ్ వాసన వచ్చింది.

నా పాత జట్టు మిత్రులారా, మీకు గుర్తుందా, ఫుట్‌బాల్ మ్యాచ్‌కు ముందు గ్రౌండ్ గీతలన్నీ ముగ్గుపిండితోనే గీసేవాళ్లం? క్లబ్ పిల్లల జట్టులో నేనొక్కదాన్నే అమ్మాయిని. పన్నెండేళ్లు నిండగానే, అమ్మాయినని ఇక లీగ్‌లో ఆడనివ్వలేదు.

"ఫికర్ జెయ్యకు చెల్లె, ముగ్గు నీకే మంచిగొస్తది. గీతలు నువ్వే గియ్యి," అన్నాడు కోచ్ అన్న.

"మూలకు నెమలి గూడ ఎయ్యవే!" అని మన గోల్‌కీపర్ అరిస్తే అందరూ నవ్వారు.

గీసి, బయట నిలబడి, మీ బూట్ల కింద అవి చెరిగిపోవడం చూసేదాన్ని. తెల్లటి చేతులతో ఇంటికెళ్తే, ఎక్కడో ముగ్గులేసి వచ్చాననుకుని అమ్మ మురిసిపోయేది.

ఉప్పల్‌లో ఇప్పుడు అమ్మాయిల జట్టు ఉంది. ఆదివారం నుంచి ఆడటానికి వెళ్తున్నాను. ఆ రోజు ముగ్గు అమ్మే వేసుకోవాలి.