నేను దించిన కారు

ఆరేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. రెండు ముక్కల అబద్ధం. చెప్పడానికి క్షణం కూడా పట్టలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మాది తిరుత్తణి. ఉద్యోగం ఆవడిలో. రైలుంది, హాయిగా కూర్చుని వెళ్ళొచ్చు. కానీ అప్పట్లో నా దగ్గర ఒక ఎర్ర కారు ఉండేది. చిన్నదే అయినా మంచి దూకుడున్న బండి. పాతది కొన్నాను, కొత్తదానికన్నా ముద్దుగా చూసుకున్నాను. రోజూ అందులోనే వెళ్ళి వచ్చేవాణ్ణి. దానికి ఒక్కటే లోపం అనిపించేది. టైరుకీ పైన రేకుకీ మధ్య నాలుగు వేళ్ళ సందు. ఫోన్‌లో చూసే కార్లన్నీ నేలకు అతుక్కుని ఉండేవి. నాది మాత్రం చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని బురద దాటుతున్న మనిషిలా కనిపించేది.

సస్పెన్షన్ మార్పించాలని మునిరత్నం అన్న దగ్గరికి వెళ్ళాను. ఊరి చివర రేకుల షెడ్డు ఆయనది. మా నేతవాళ్ళ ఇళ్ళలో ఎవరి బండి చెడినా అక్కడికే వెళ్ళేది. ఎత్తు తగ్గించుకునే సెట్టు తెప్పించాను. స్ప్రింగు కింద మరలున్న రింగు ఉంటుంది, దాన్ని తిప్పితే కారు దిగుతుంది. ఆయన ఒక వేలు మాత్రం దించి, రింగు బిగించి, అది ఆగిన చోట మరల మీద తెల్ల పెయింటుతో గీత గీశాడు. రోజూ తిరిగే బండి, ఇంట్లోవాళ్ళు ఎక్కే బండి, ఇంతకు మించి దించితే గుంతలో పడినప్పుడు స్ప్రింగుకు అణిగే చోటుండదు, దెబ్బంతా కూర్చున్నవాళ్ళ వెన్నుకే తగులుతుందని చెప్పాడు. నేను తల ఊపాను.

వారం తిరగకముందే ఒక ఆదివారం, ఇంట్లోవాళ్ళు ఊరెళ్ళినప్పుడు, ఇంటి ముందు జాకీ పెట్టి, కొనుక్కొచ్చిన స్పానర్‌తో నాలుగు చక్రాల దగ్గరా రింగులు తిప్పాను. ఇంకో రెండు వేళ్ళు దిగింది. దూరం నుంచి చూసుకుని మురిసిపోయాను. ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? చేసేది తప్పని తెలిసే చేశానా? ఈ ప్రశ్నను ఎన్నిసార్లు వేసుకున్నా, తెలియదనే జవాబును నేనే నమ్మలేకపోతున్నాను.

మా మామ, అంటే నా భార్య నాన్న, పళ్ళిపట్టులో మగ్గం నేసేవాడు. ఆయనకు కంటి పరీక్ష ఉంటే తిరువళ్ళూరు తీసుకెళ్ళాను. ముందు సీట్లో నా భార్య, వెనక మామ. దారిలో కొత్తగా వేసిన స్పీడ్ బ్రేకర్, ఇంకా తెల్ల గీతలు కూడా పూయలేదు. నేను వేగంగానే ఉన్నాను. కారు కింద నుంచి బండరాయి గుద్దినట్టు చప్పుడైంది. మామ గట్టిగా అరవలేదు. "నడుములో ఏందో పట్టుకునింది అబ్బయ్యా," అన్నాడు అంతే. ఆసుపత్రి దగ్గర ఆయన్ని కారులోంచి దించడానికి ముగ్గురు మనుషులు పట్టాల్సి వచ్చింది. వెన్నులో ఒక ఎముక నలిగిందన్నారు.

ఆసుపత్రి వరండాలో మా బామ్మర్ది అడిగాడు, కారు అంత కిందికి ఎందుకుందని. మునిరత్నం అన్న పెట్టిందే అన్నాను. ఆలోచించి అనలేదు. కానీ ఆ తరవాత ఆలోచించడానికి రెండు రోజులు దొరికాయి. ఆ రెండు రోజులూ నోరు విప్పలేదు.

మూడో రోజు బామ్మర్ది నన్నూ కారునూ తీసుకుని షెడ్డుకు వెళ్ళాడు. మునిరత్నం అన్న చక్రం విప్పాడు. లోపల రింగును తడిమి చూశాడు.

"నేను గీసిన గీత యాడుండాది, రింగు యాడుండాది, చూడు తంబీ," అన్నాడు నాతో.

"అదురుడుకు కదిలుంటాదన్నా."

"బిగించిన రింగు అదురుడుకు కదలదు. ఎవురో స్పానర్ పెట్టి తిప్పినారు. నువ్వు తిప్పినావా?"

"నేను చెయ్యే పెట్టలేదన్నా. మీరు ఇచ్చినట్టే ఉండాది."

"అంటే మా బావ అబద్ధం చెప్తా ఉండాడా?" అంటూ బామ్మర్ది ఆయన మీదికి వెళ్ళాడు.

మునిరత్నం అన్న నన్నే చూస్తున్నాడు. నేను టైరు వంక చూశాను. అప్పుడు కూడా నోరు తెరవొచ్చు. ఒక్క మాట చాలు. ఆయన ఆ మాట కోసమే ఆగాడని నాకు తెలుసు.

"సరే తంబీ. నువ్వే చెప్పినాక ఇంకేముండాది," అని చక్రం మళ్ళీ బిగించి ఇచ్చాడు.

పళ్ళిపట్టు దాకా మాట పాకింది. మా వాళ్ళ బండ్లు ఆ షెడ్డుకు వెళ్ళడం మానేశాయి. ఏడాది లోపే ఆయన దాన్ని మూసేశాడు. ఇప్పుడు తిరువళ్ళూరులో ఎవరిదో టైర్ల కొట్టులో కూలికి పనిచేస్తున్నాడు. నేను ఆ వీధిలోకి వెళ్ళను.

మామ మళ్ళీ మగ్గం గుంటలో కూర్చోలేదు. పావుగంట కూర్చుంటే కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. కారును అమ్మేశాను. దాన్ని చూడలేకపోతున్నానని ఇంట్లో చెబితే, నా మనసు ఎంత మెత్తనో అని అత్త కళ్ళు తుడుచుకుంది. ఆ జాలి కూడా పుచ్చుకున్నాను.

అన్నిటికన్నా నన్ను కాల్చేది ఇది. ఎప్పుడైనా బామ్మర్ది ఆ మెకానిక్కును తిడితే మామ వారిస్తాడు. "పోనీలేరా, పని చేసేవాని చేత్తో ఒక తప్పు జరగదా, నేను ఎప్పుడో మరిచిపోయినా," అంటాడు. అలా అన్నప్పుడల్లా నేను పక్కనే కూర్చుని కాఫీ తాగుతుంటాను. ఆయన క్షమించింది తప్పు చేయనివాణ్ణి.

వాళ్ళకు చెబుతానా? చెబుతానని మీకు మాట ఇవ్వలేను. ఇన్నేళ్ళలో చాలాసార్లు పళ్ళిపట్టు బస్సెక్కాను, చెప్పకుండానే తిరిగొచ్చాను. మీరు నన్ను మంచివాడనుకోవాలని ఇది రాయలేదు. ఒక్కసారైనా, ఒక్క చోటైనా, ఇది ఉన్నదున్నట్టు ఉండాలని రాశాను. ఆ నాలుగు రింగులూ తిప్పింది నేనే. మునిరత్నం అన్న కాదు.