నీళ్లు వస్తాయన్నాడు

ప్రొద్దుటూరులో డిగ్రీ చదివిన రోజుల నుంచి మేం ముగ్గురం స్నేహితులం. నేను ఇప్పుడు ఆ ఊళ్లోనే ఉంటూ దగ్గరి పల్లెలో హైస్కూలు పిల్లలకు సోషల్ చెబుతాను. రెండోవాడిది జమ్మలమడుగు పక్కన పల్లె. వాళ్లింట్లో తరాలుగా గొర్రెలూ మేకలూ మేపుతారు, ఈమధ్య శనగ కూడా వేస్తున్నారు. మూడోవాడిది పులివెందుల. అరటితోట ఉంది, కారు ఉంది, నూరు కిలోల పైన బరువు కూడా ఉంది. పూజారుల ఇంట్లో పుట్టానని ఇద్దరూ నన్ను ‘సామీ’ అంటారు. వాళ్లిద్దరూ ఒకరికొకరు ‘మామా’.

శుక్రవారం పండగ సెలవు, మరునాడు రెండో శనివారం. మూడు రోజులు కలిసొచ్చాయని గోవా పోదామన్నాడు పులివెందుల వాడు. జమ్మలమడుగు వాడు అప్పటివరకు సముద్రం చూడలేదు. తాడిపత్రి, బళ్లారి, హుబ్లీ మీదుగా కారులో పోయి, దక్షిణం వైపున్న ఒక చిన్న బీచ్ దగ్గర గది తీసుకున్నాం.

శనివారం మధ్యాహ్నం, బీచ్ చివర కొండ సముద్రంలోకి పొడుచుకొచ్చిన చోట, రాళ్ల మీదుగా నడిచి అవతలికి పోవచ్చని తెలిసింది. ఆ మలుపు దాటితే ఎవరూ ఉండని ఇసుక తీరం ఒకటి ఉందట. బయలుదేరుతుంటే కొబ్బరిబొండాలు అమ్మే ముసలాయన మమ్మల్ని ఆపి, రాళ్ల వైపు చెయ్యి చూపిస్తూ, "పానీ ఆయేగా" అని రెండుసార్లు అన్నాడు. పులివెందుల వాడు నీళ్లసీసా పైకెత్తి చూపించి, "హై, హై, మాకుండాయిలేప్పా" అని నవ్వాడు. మేమూ నవ్వాం. నీళ్లు కావాలా అని అడుగుతున్నాడనుకున్నాం. నీళ్లు వస్తాయని చెబుతున్నాడు ఆయన.

పది నిమిషాల్లో మలుపు దాటాం. రాళ్ల మధ్య చీలమండల లోతు నీళ్లు కూడా లేవు. అవతల చేటంత తీరం, మూడు పక్కలా ఎర్రరాతి గోడలాంటి కొండ. పులివెందుల వాడు, నేను గంటసేపు నీళ్లలో ఉన్నాం. జమ్మలమడుగు వాడు మోకాళ్ల దాకా దిగి, "ఇది ఊరికే ఉండదేందప్పా, లాగుతానే ఉండాది" అని ఒడ్డుకొచ్చేశాడు. తర్వాత తెచ్చుకున్నవి తిని ముగ్గురం నీడలో పడుకున్నాం. కాలికి చల్లగా తగిలితే మెలకువ వచ్చింది.

అల నా పాదాల దగ్గర ఉంది. మేం పడుకున్నప్పుడు అది ఇరవై బారల అవతల ఉండింది. లేచి మలుపు వైపు చూశాను. మేం నడిచొచ్చిన రాళ్లు లేవు. అక్కడ నల్లటి నీళ్లు కొండను కొట్టి పైకి లేస్తున్నాయి.

ఏడాదికోసారి ఏడో తరగతి పిల్లలకు ఆటుపోట్ల పాఠం చెబుతాను నేను. బోర్డు మీద చంద్రుణ్ణి గీస్తాను. అలాంటివాణ్ణి, ఆ మధ్యాహ్నం ఒక్కసారి కూడా ఆ మాట తలుచుకోలేదు. మాకు తెలిసిన నీళ్లు పెన్నలో ఎప్పుడో వచ్చి పోయేవే.

"ఏంది సామీ, దావ యాడబోయ?" అన్నాడు పులివెందుల వాడు. ఫోనుకు సిగ్నల్ లేదు. ముగ్గురం అరిచాం. అలల హోరులో మా అరుపు మాకే సరిగ్గా వినబడలేదు.

"ఇంకా పెరగకముందే పోదాం పాండి, నడుం దాకానే కదా" అన్నది నేనే. ముందు నేను, వెనక పులివెందుల వాడు, చివర జమ్మలమడుగు వాడు కొండను పట్టుకుని నడిచాం. రాళ్లకు అంటుకున్న పెంకులు అరికాళ్లను కోశాయి. కాలు పెట్టే చోటు కనబడదు. అల వచ్చినప్పుడు ఛాతీ దాకా మునగడం, పోయేటప్పుడు కాళ్ల కింద నుంచి అంతా లాక్కుపోవడం. నాకు ఏడుపు వచ్చింది. ఇంట్లో చిన్నపాపకు ఆ ఉదయం ఫోన్ చేయలేదని గుర్తొచ్చింది.

ఒక పెద్ద అల వచ్చింది. పులివెందుల వాడి కాలు జారింది. వాడు నా ఎడమ మణికట్టు పట్టుకున్నాడు. వాడి బరువంతా నా చేతి మీద పడింది. కొండ అంచును పట్టుకున్న నా కుడిచెయ్యి సడలుతోంది. "సామీ, ఇడవాకు" అన్నాడు.

నేను కుడిచెయ్యి ఒక్క క్షణం వదిలి, వాడి వేళ్లు విప్పాను. చూపుడువేలు, తర్వాత మధ్యవేలు. మూడోది దానంతట అదే వదిలింది. మళ్లీ అంచును పట్టుకుని కళ్లు మూసుకున్నాను.

తెరిచేసరికి వాడు రెండు రాళ్ల మధ్య మునిగి తేలుతున్నాడు. వాణ్ణి నీళ్లు ఒక రాతికి కొట్టి, మళ్లీ లాగుతున్నాయి. జమ్మలమడుగు వాడు రాతి మీద బోర్లా పడుకుని, నడుముకున్న తువ్వాలు విప్పి విసిరాడు. "పట్టుకో మామా! పండ్లతో కరిచయినా పట్టుకో!" మూడోసారికి వాడు పట్టుకున్నాడు. ఈదలేని మనిషి, ఆ నూరు కిలోలను ఎలా లాగాడో నాకు తెలియదు. నేను కదల్లేదు. లాగాక జమ్మలమడుగు వాడు తల ఎత్తి నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. "వెనక్కి రా సామీ" అన్నాడంతే.

తిరిగి తీరానికి వచ్చేసరికి ఇసుక నాలుగు మంచాల వెడల్పు మిగిలింది. పులివెందుల వాడి కుడిచెయ్యి మణికట్టు దగ్గర వంకరపోయింది, మోకాళ్ల నుంచి నెత్తురు కారుతోంది. వాడు వణుకుతూ "నేనీడ్నే కూచుంటా, మీరు పోండి" అంటున్నాడు. ఎక్కడికి పోవాలి? ఇంకో గంటకు ఆ ఇసుక కూడా ఉండదని ముగ్గురికీ తెలుసు.

జమ్మలమడుగు వాడు కొండ అడుగున వంగి వెతుకుతూ పోయాడు. ఒక పొద దగ్గర ఆగి ఏవో ఏరి, అరచేతిలో నలిపి చూశాడు. మేక పెంటికలు.

"తడి ఆరలా. పొద్దున దిగినట్టుండాయి. మేక ఈడికి ఈదుకుంటా రాదు కదా. పైనుంచి దావ ఉండాది" అన్నాడు.

ఆ దారి నా కంటికి ఆనలేదు. జానెడు వెడల్పు గీత, మధ్యలో రాలిపోయే ఎర్రరాయి. వాడు పులివెందుల వాడి నడుముకు తువ్వాలు కట్టి, ఒక్కో అడుగూ చెబుతూ ఎక్కించాడు. "కిందికి సూడాకు మామా. నా మడమ సూడు. ఆ చెట్టు ఏరు పట్టుకో. అదే, అదే." వెనక నేను. సగం ఎక్కాక వెనక్కి చూశాను. కింద తీరం లేదు, నీళ్లే. రాతిని కరుచుకుని ఉండిపోయాను.

వాణ్ణి పైన కూర్చోబెట్టి జమ్మలమడుగు వాడు మళ్లీ దిగొచ్చాడు. "చెయ్యి ఇయ్యి సామీ" అన్నాడు.

ఇవ్వలేకపోయాను. అంతకుముందు ఏం జరిగిందో వాడు చూశాడు. నా బరువు వాడి మీద పడితే వాడూ నాలాగే చేస్తాడేమోనన్న భయం పట్టుకుంది నన్ను. వాడు నా మణికట్టును తనే గట్టిగా పట్టుకుని లాగాడు.

పైన జీడిమామిడి తోట ఉంది. సూర్యుడు ఇంకా నీళ్లను తాకలేదు. అరగంట నడిస్తే రోడ్డు, ఆటో, ఆసుపత్రి. ఎముక విరిగిందని కట్టు కట్టారు. నర్సు ఎలా పడ్డావని హిందీలో అడిగితే పులివెందుల వాడు, "అల కొట్నాది. సామి పట్టుకున్యాడు గానీ నిలబల్యా" అని తెలుగులోనే చెప్పాడు. ఆమెకు అర్థం కాలేదు. నేను తలుపు వైపు చూస్తూ నిలబడ్డాను.

కారు నడిపేది వాడే కాబట్టి, ఆదివారం అక్కడే ఒక డ్రైవరును మాట్లాడుకుని ఇంటికి వచ్చేశాం. బాత్‌రూములో జారాడని వాళ్లింట్లో చెప్పాం.

నాలుగు నెలలు నిద్ర సరిగ్గా లేదు. స్నానం చేసేటప్పుడు మొహం మీద నీళ్లు పోసుకుంటే ఊపిరి ఆగినట్లయ్యేది. ఒకరోజు ఉండబట్టలేక బస్సెక్కి పులివెందుల పోయాను. వాడు తోటలో డ్రిప్ పైపు సరిచేస్తున్నాడు. కుడి మణికట్టు ఇంకా పూర్తిగా మడవలేడు. నిలబడే చెప్పేశాను. "నీ చెయ్యి జారలేదు. నీ వేళ్లు నేనే విప్పినా."

వాడు పైపు కింద పెట్టి, చేతుల మట్టి దులుపుకున్నాడు.

"నాకు గుర్తు లేదు సామీ," అన్నాడు. తర్వాత అన్నాడు: "గుర్తున్నా లేదనే చెప్తా. ఇంకెప్పుడూ ఆ మాటెత్తాకు."

వాళ్లావిడ అన్నానికి పిలిచింది. పక్కపక్కనే కూర్చున్నాం. ముద్ద నోటి దాకా పోవడానికి వాడు మోచెయ్యి పక్కకు ఎత్తాల్సి వస్తోంది. ప్రతిసారీ ఆ మోచెయ్యి నా భుజానికి తగిలింది. నేను జరగలేదు, వాడూ జరగలేదు.