తప్పు చెప్పులది కాదు

పోతిరెడ్డిపల్లిల మేం ఇల్లు కట్టుకున్ననాడు చుట్టూ ఇండ్లు తక్కువ, ఖాళీ ప్లాట్లు ఎక్కువ. ఇల్లయితే లేచింది గని నీడ లేదు. బొంతపల్లి దిక్కున్న మా అమ్మగారి ఊర్ల బడి ముంగట బాదం చెట్లుండె. వాటి కింద మొలిచిన మొక్కనొకదాన్ని తీసి, తడిగుడ్డల చుట్టి, బస్సుల ఒళ్లె పెట్టుకొని తెచ్చిన. గల్లి పక్కన పెట్టకు, ఆ చెట్టుకు చెత్త ఎక్కువ, ఊడ్వలేక సస్తవని మా ఆయన అన్నడు. పటాన్‌చెరు కంపెనీల షిఫ్టులు చేసే మనిషికి చెట్ల సంగతి ఏం తెలుసులే అనుకొని గేటు పక్కనే నాటిన.

నాలుగైదేండ్లల్ల ఆయన మాటే నిజమైంది. చలికాలం రాంగనే ఆకులు ఎర్రవడి రాలేటియి, ఒక్కొక్కటి నా రెండు చేతులంత. ఎండకాలమొస్తే కాయలు. గబ్బిలాలు పైగుజ్జు కొరికి గింజ కింద పడేసి పొయ్యేటియి. గేటు మీద, గోడ మీద, మా ఆయన స్కూటర్ సీటు మీద మరకలే. అయినా ఆ చెట్టంటే నాకు పానం. ఎండిన గింజను రాయి మీద పెట్టి కొట్టి, లోపలి చిన్న పప్పు తీసి నోట్లె ఏసుకుంటే ఊడ్చిన యాష్టంత పొయ్యేది. ఒక్కటే నియమం పెట్టుకున్న. పొద్దున లేవంగనే మా వాకిలి కన్న ముందు బయట గల్లి ఊడ్వాలె. చెట్టు నాది, చెత్త గూడ నాదే.

మా పక్కిల్లు షావుకార్లది. సంగారెడ్డి బజార్ల వాళ్లకు కిరాణా దుకాణముండె. ఆ ఇంటికి పెద్ద, అరవై దాటిన మనిషి. నేను పెద్దమ్మ అని పిలిచేదాన్ని. ఆమె కోడలు నాకన్న కొంచెం పెద్దది, నాకు అక్క.

ఒక ఎండకాలం, ముందునాడు పెండ్లికి పోయి వచ్చి అలిసిపోయి ఆలస్యంగ లేచిన. గల్లి తర్వాత ఊడుద్దమని చాయ పెట్టుకొని కూసున్న. సగం తాగిన్నో లేదో బయట దబ్బున చప్పుడైంది. పోయి చూస్తే పాల ప్యాకెట్ పట్టుకొని పెద్దమ్మ కింద పడి ఉన్నది. ఆమె కొడుకు ఉరికొచ్చి ఆటోల దవాఖానకు తీస్కపోయిండు. కుడిచెయ్యి మణికట్టు కాడ ఇరిగింది. నెలన్నర సిమెంటు పట్టి ఉంచాలన్నరు.

ఆమెను లేపినప్పుడు నేల మీద నేను చూసిన. పండిన బాదం కాయ చితికి ఉన్నది, దాని గుజ్జు జారిన గీత జానెడు పొడుగున్నది. ఆటో పోంగనే చీపురు తీసుకొని గల్లంత ఊడ్చిన. అన్నేండ్ల సంది ఊడుస్తున్న గని, ఆ ఒక్కనాడే దొంగపని చేసినట్టనిపించింది.

పగటీలి చూడపోతే పెద్దమ్మ మంచం మీద ఉన్నది, గల్లి ఆడోళ్లంత చుట్టూ కూసున్నరు. కోడలు కొనుక్కొచ్చిన కొత్త చెప్పులే జారినయని, వద్దంటే ఇనకుండ తొడిగిందని ఆమె వచ్చినోళ్లందరికీ చెప్తున్నది. అక్క తల వంచుకొని అందరికి నీళ్లిస్తున్నది. నేను గూడ ఆ నీళ్లు తాగి, ఏం మాట్లాడకుండ ఇంటికొచ్చిన.

షిఫ్టు నుంచి వచ్చిన మా ఆయనకు జరిగిందంత చెప్పిన. ఆదివారం చెట్టు కొట్టేస్త, ఇగ పరేషాన్ ఉండదన్నడు. కొట్టుడు సంగతి తర్వాత, ముందు ఆ ఇంట్ల నిజం చెప్పాలన్న. అక్క పదిమంది ముంగట మాట పడ్డది. నేను గూడ పదిమంది ముంగటనే చెప్పాలె.

తెల్లారి జనం ఉన్నప్పుడే పోయిన.

"పెద్దమ్మా, తప్పు చెప్పులది కాదు. నిన్న నేను గల్లి ఊడ్వలే. నువ్వు జారింది మా బాదం కాయ మీద. నువ్వు దవాఖానకు పోయినంక దాన్ని ఊడ్చేసింది గూడ నేనే."

పెద్దమ్మ నన్నే చూసింది.

"నిన్ననే ఎందుకు చెప్పలే?"

"భయమైంది."

"ఇయ్యాల భయం పోయిందా?"

"పోలే. అక్క మాటలు పడుతుంటే చూడలేకపోయిన."

పెద్దమ్మ కోడలు దిక్కు తిరిగి, "ఆ చెప్పులు లోపల పెట్టు. చెయ్యి బాగైనంక ఏసుకుంట" అన్నది. క్షమించమనుడు ఆమెకు అంతకంటె రాదు. అక్క మొఖం గోడ దిక్కు తిప్పుకొని నవ్వుకున్నది.

ఆదివారం మా ఆయన గొడ్డలి తీసిండు. పెద్దమ్మ గోడవతల నుంచి ఆపింది. ఎండపూట ఆ నీడ తమ వాకిట్ల గూడ పడ్తదని, గల్లి మీదికొచ్చిన కొమ్మ ఒక్కటి తీస్తే చాలని చెప్పింది. మా ఆయన ఆ కొమ్మ కొట్టి, బతికిపోయిన్నని గొడ్డలి లోపల పెట్టిండు.

పెద్దమ్మకు అసలు బాధ వేరే ఉండె. మామిడికాయ తొక్కు పెట్టే దినాలు. ఏటా ఆ ఇంట్ల తొక్కు ఆమె చెయ్యితోనే కలిపేది. ఆ చెయ్యేమో పట్టిల ఉన్నది. నేను కలుపుతనన్న. తలకు పోసుకొని రమ్మన్నది. పోసుకొని పోయిన.

ఆమె కుర్చీల కూసొని హుకుం చేసుడు, అక్క కారం, ఉప్పు, ఆవపిండి పోసుడు, నేను మోచేతుల దాక ముంచి కలుపుడు. అరచేతులు మండుతున్నయి. మా ఊర్ల ఎల్లిగడ్డ ఇంకా ఎక్కువేస్తరని నేనన్న. మీ ఊర్ల తొక్కు మీ ఊర్ల తినమన్నది. మళ్లా రుచి చూసి, ఇంకో పిడికెడు ఎయ్యమన్నది. చూపిస్త చూపిస్త ఊపుల ఆమె పట్టి చెయ్యే తొక్కుల పెట్టింది. తెల్లటి సిమెంటు ఎర్రగయింది. ఎంత తుడిచినా పోలే.

నెలన్నరకు పట్టి తీపియ్యడానికి ముగ్గురం పోయినం. డాక్టరు ఆ ఎరుపు చూసి గాబరైండు, నెత్తురు ఎప్పుడొచ్చిందని అడిగిండు.

"నెత్తురు కాదు సారూ, మామిడికాయ తొక్కు" అన్నది పెద్దమ్మ.

ఆయన ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసిండు. నర్సమ్మ పక్కకు తిరిగి నవ్వింది. అక్క, నేను నవ్వు ఆపుకోలేక బయటికొచ్చి నిలబడ్డం.

పట్టి తీసినంక వచ్చేటప్పుడు పెద్దమ్మ బజార్ల ఆటో ఆపిచ్చి చెరుకురసం తాగుదమన్నది. సన్నబడ్డ ఆ కుడిచెయ్యితోనే గిలాస పట్టుకున్నది. అక్క పట్టుకోబోతే పట్టనియ్యలే. సగం రసం చీర మీద పడ్డది. మిగిలిన సగం మెల్లగ తాగి, ఇంకో గిలాస తెమ్మని చెప్పింది.