రెండు లోయల షీహ్

హన్మాండ్లుది ఆర్మూరు దగ్గర ఊరు. సౌదీలోని అల్ ఖర్జ్ శివారులో అబూ సాలెహ్ అనే కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని దగ్గర, షీహ్ అనే మందుమొక్క నుంచి నూనె దించే బట్టీ మీద ఏడేళ్లుగా పని. కడుపునొప్పికి అక్కడి ఇళ్లలో తరతరాలుగా వాడే మొక్క అది. చదువు లేకపోయినా అతని ముక్కు గట్టిది. ఆకు ఏ కాలంలో కోసిందో నూనె వాసన చూసి చెప్పేవాడు.

1991 జనవరిలో ఇరాక్‌తో యుద్ధం మొదలైంది. ఉత్తరం దారులు సైన్యం లారీలతో నిండిపోయి, అక్కడి లోయ నుంచి ఏటా వచ్చే షీహ్ ఆగిపోయింది. కఫీల్ దక్షిణాన మరో లోయ నుంచి మూటలు తెప్పించాడు. చూపుకు అదే ఆకు, అదే పొద.

ఆ ఆకుతో బట్టీ రాజేసిన రోజే హన్మాండ్లుకు తల తిరిగింది, వేళ్లు వణికాయి. విషవాయువు వదులుతారని అందరూ కిటికీలకు ప్లాస్టిక్ అంటించుకున్న రోజులవి. అదే వచ్చిందనుకుని బయటికి పరుగెత్తాడు. గాలి తగలగానే తేరుకున్నాడు. లోపలికి వస్తే మళ్లీ అదే తిప్పు. పాత నూనె కర్పూరంలా చల్లగా ఉండేది. ఇది ఘాటుగా నెత్తికెక్కుతోంది.

ఈ నూనె వేరు, తాగితే ప్రమాదమని కఫీల్‌కు చెప్పాడు, వచ్చీరాని అరబ్బీలో.

"షీహ్ అంటే షీహే," అన్నాడు కఫీల్. "మా అమ్మ పుట్టినప్పటి నుంచి తాగుతోంది. బాంబులకు భయపడి పని ఎగ్గొట్టాలని చూస్తున్నావా?"

హన్మాండ్లు చేసేదిలేక, కొత్త సీసాల మెడకు ఎర్రదారం కట్టి పక్కన పెట్టాడు.

నాలుగోనాడు పొద్దున మదార్బీ పరుగెత్తుకొచ్చింది. కఫీల్ తల్లిని చూసుకునే కడప మనిషి.

"అన్నా, పెద్దామె కాళ్లూ చేతులూ కొట్టుకుంటాండాది! నోట్లో నురగ!"

"ఏం తాగించినవ్ చెల్లె?"

"దినామూ ఇచ్చే పది చుక్కలే. సీసా నిన్న కఫీల్ సామే తెచ్చిచ్చినాడు."

"దారం ఉన్నదా దానికి?"

"ఎర్రది."

పెద్దామె ప్రాణం దక్కింది కానీ, ఆ తర్వాత కొడుకును గుర్తుపట్టలేదు. నూనెలో ఏదో కలిపాడని కఫీల్ హన్మాండ్లును పోలీసులకు పట్టించాడు. ఆనాడు కఫీల్‌కు చాయ్ ఇవ్వడానికి వెళ్లినప్పుడు హన్మాండ్లు హెచ్చరికను చెవులారా విన్న మదార్బీ, ఉద్యోగం పోతుందని తెలిసీ పోలీసుల ముందు నోరు విప్పింది. పెద్దామెను చూసిన డాక్టరు రెండు రకాల సీసాలూ పరీక్షకు పంపించాడు.

ఏమీ కలపలేదని తేలింది. రెండూ ఒకే మొక్క. నేల, వాన, విత్తనం మారితే అదే మొక్క నూనె కూడా మారిపోతుందట. ఉత్తరపు నూనెలో కర్పూరం జాతి పదార్థం ఎక్కువ. దక్షిణపు దాంట్లో మూర్ఛ తెప్పించే పదార్థం ఎన్నో రెట్లు.

పదకొండో రోజు విడిచిపెట్టారు. మదార్బీని అప్పటికే కడపకు పంపేశారు. కఫీల్ క్షమించమనలేదు, బట్టీ తాళంచెవి మాత్రం తిరిగి ఇచ్చాడు.

"ఎర్రదారం కట్టిన మిగతా సీసాలేవి?" అని అడిగాడు హన్మాండ్లు.

కఫీల్ మొహం పాలిపోయింది. పెద్దామె పడిపోక ముందురోజే ఇరవై సీసాలు రియాద్ అంగడికి పోయాయి. ఇద్దరూ కారులో వెళ్లి దుకాణం దుకాణం తిరిగారు. తొమ్మిది దొరికాయి. మిగిలినవి ఎవరు కొన్నారో దుకాణదారులకు గుర్తులేదు.

ఆ తర్వాత పదకొండేళ్లు అక్కడే పనిచేశాడు హన్మాండ్లు. ఎక్కడైనా ఎవరో ఫిట్స్ వచ్చి పడిపోయారని వింటే చాలు, చేతిలో పని వదిలేసి అడిగేవాడు: "ఏం తాగిన్రంట?"