ఏసుబాబు బిగించని ఫ్యాను

ఏసుబాబు ఏ వస్తువునైనా విప్పుతాడు. బిగించడు. అతని గురించి ఇంతకుమించి తెలుసుకోవాల్సింది ఏమీ లేదని నేను చాలాకాలం అనుకున్నాను. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ అదే చెప్పాను.

సత్తెనపల్లిలో మా పత్రిక ఆఫీసు మేడమీద, అతని షాపు కింద. మందు కొట్టే పంపులు బాగుచేయబడును అని బోర్డు మీద ఉంటుంది. ఆ బోర్డు కూడా ఒక పక్కకు వేలాడుతూ ఉంటుంది, తిన్నగా కొడదామని మేకులు పీకి మరిచిపోయాడు కనక. లోపలికి వెళితే పంపులు కనిపించవు, పంపుల అవయవాలు కనిపిస్తాయి. ట్యాంకు ఒక మూల, ఇంజను ఇంకో మూల, గొట్టాలు దూలానికి. ఒక పంపు విప్పుతాడు. జబ్బేమిటో నిమిషంలో పట్టేస్తాడు. పట్టేశాక దానిమీద మోజు తీరిపోతుంది. పక్క పంపుకు ఏమైందో చూడాలనిపిస్తుంది. అదీ విప్పుతాడు.

ఓసారి క్రిస్మస్ ముందు, వాళ్ల చర్చి యాంప్లిఫయర్ గరగరమంటోందని పాస్టరుగారు ఇతని దగ్గర నోరు జారారు. పండగనాడు ప్రసంగం మైకు లేకుండానే జరిగింది. చివరి వరసల వాళ్లకు ప్రభువు పుట్టిన సంగతే అందలేదు. పాస్టరుగారు గొంతు పోయి వారంపాటు సైగలతో ఆశీర్వదించారు.

నా టేబుల్ ఫ్యాను కథ ఇంకా పాతది. కిచకిచమంటోందని ఒక ఏప్రిల్లో ఇచ్చాను. చుక్క నూనెతో పోయే జబ్బు. మర్నాడు వెళితే రెక్కలు ఒక గోడకీ జాలీ ఇంకో గోడకీ వేలాడుతున్నాయి.

"అయిపోయినట్టే సార్. బిగించడమే," అన్నాడు.

ఆ మాట నేను మూడు వేసవులు విన్నాను.

నేనంటే చెమటలు తుడుచుకుని ఊరుకున్నాను. మిరప రైతు బుల్లయ్య ఊరుకునే రకం కాదు. నిరుడు మిరప పూతమీద నల్లతామర పురుగు పడ్డప్పుడు బుల్లయ్య పంపు ఏసుబాబు దగ్గర ముక్కలుగా ఉంది. అతను వాళ్లనీ వీళ్లనీ బతిమాలి పంపు తెచ్చుకునేసరికి పూతంతా నేలమీద ఉంది. ఈ ఏడు నారు నాటగానే వచ్చి షాపు మధ్యలో నిలబడ్డాడు. బుల్లయ్య మామూలుగా మాట్లాడినా మా మేడమీద కిటికీలు అదురుతాయి.

"ఒరేయ్ ఏసుబాబూ, ఇదే ఆఖరు. ఈసారి పూతకి నా పంపు నా భుజాన లేకపోతే మా ఊరి పంపు ఒక్కటి కూడా నీ గడప తొక్కదు. అన్నీ ఎదురు షాపుకే."

ఎదురు షాపు అనిల్ కుమార్‌ది. కొత్తది. అక్కడ పొద్దున విప్పినవి సాయంత్రానికి బిగిస్తారు. జబ్బు మాత్రం లోపలే ఉంటుంది. అయినా బుల్లయ్య ఊరు పోతే ఏసుబాబుకి షాపు లేదు. ఆ సంగతి ఏసుబాబుకీ తెలుసు. నిజంగానే భయపడ్డాడు. ఆ భయంలో ఇంకో రెండు పంపులు విప్పాడు.

అతని మేనకోడలు ఫెబా గుంటూరులో నర్సు. మావయ్యను తను పనిచేసే డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. డాక్టరు ప్రశ్నలు మొదలుపెట్టేలోపే ఏసుబాబు ఆయన బీపీ మిషను వెనక మూత తీసేశాడట. ఆ తర్వాత అడిగిన ప్రశ్నలన్నీ లాంఛనానికే. జబ్బు పేరు ఏడీహెచ్‌డీ. మనసు ఒక పనిమీద నిలవదని, మొదలుపెట్టడం ఆటలాగా ముగించడం గండంలాగా ఉంటుందని, అది బద్ధకం కాదని ఫెబా మేడెక్కి వచ్చి మరీ నాకు పాఠం చెప్పింది. చీకటి పడేలోగా వార్తలు పంపకపోతే పరువు దక్కని ఉద్యోగంలో జుట్టు నెరిసినవాణ్ణి నేను. మా వృత్తిలో ఆ జబ్బుకి తిట్లే మందన్నాను.

"ఆయనకి తిట్లు తక్కువేం కాలేదు అంకుల్. అవి పనిచేసుంటే ఈపాటికి మీ ఫ్యాను తిరుగుతుండేది," అంది.

డాక్టరు మాత్రలు రాశాడు. వాటితోపాటు, పనిచేసేటప్పుడు ఎదురుగా ఎవరైనా ఉంటే మంచిదన్నాడు. షాపులో మనుషులకి కొదవ లేదు కానీ వాళ్లు కూర్చోనివ్వరు కదా. అందుకని ఫెబా ఇదే బాధ ఉన్నవాళ్ల వాట్సాప్ గ్రూపులో మావయ్యను చేర్చింది. అక్కడ ఇద్దరిద్దరు జతకట్టి వీడియో కాల్లో కూర్చుంటారు. గంట మొదట్లో ఏం చేయబోతున్నారో ఒకరికొకరు చెప్పుకోవాలి. మైకు ఆపి ఎవరి పని వాళ్లు చేసుకోవాలి. గంట చివర, అయిందో లేదో నిజం చెప్పాలి. ఒక వాషరు మార్చడానికి ఫలానా ఊళ్లో ఫలానా మనిషి కనిపెట్టుకుని ఉండాలంటే, ఆ పని ఎంత గొప్పదో అనుకుని నవ్వుకున్నాను.

ఏసుబాబుకి జతగా దొరికింది శివపార్వతి. దర్శిలో ప్రైవేటు స్కూలు టీచరు. పెళ్లికి ముందు మొదలుపెట్టిన డిగ్రీని మధ్యలో వదిలేసింది. మార్చిలో ఆ పేపర్లు గట్టెక్కకపోతే ఇక ఉంచుకునేది లేదని స్కూలువాళ్లు చెప్పేశారు. పుస్తకం తెరిస్తే ఆమెకి బీరువా సర్దాలనిపిస్తుందట. బీరువా తెరిస్తే పప్పు నానబోయాలనిపిస్తుందట.

ఎదురుగా ఒక ఆడమనిషి కూర్చుని ఉంటే పలకరించకుండా పని చేసుకోవడం ఏసుబాబుకి చేతకాదు. మొదటిరోజు ఫోనుకి స్టూలు వేసి, దుమ్ము తుడిచి, కొట్టు నుంచి రెండు టీలు తెప్పించాడు. రెండోది ఫోను ముందు పెట్టాడు. కళ్లు మూసుకుని, ఈ పంపు బిగించే కృప దయచేయమని ప్రార్థన చేశాడు. నుదుట కుంకుమ పెట్టుకున్న శివపార్వతి కాస్త తటపటాయించి, మర్యాదకి తనూ ఆమెన్ అంది. తర్వాత ఇరుపక్షాల పిల్లల చదువులు, దర్శిలో నీళ్ల సంగతి. గంట గడిచింది.

"అయిందా అన్నయ్యా?" అని అడిగింది.

"టీ అయిందమ్మా," అన్నాడు.

షాపుకొచ్చే రైతులు ఆమెని పంపుల కంపెనీ మేడమ్ అనుకున్నారు. కాదని ఏసుబాబు వాళ్లకి చెప్పడం మొదలుపెట్టాడు. ముగించలేదు. బుల్లయ్య కండువా సర్దుకుని ఫోను ముందు చేతులు కట్టుకుని, ఈమధ్య వాషర్లు నాసిరకం వస్తున్నాయని విన్నవించుకున్నాడు. అదే సమయానికి ఆమె తన నోట్సులో ఏదో రాసుకుంది. మేడమ్ రాసుకున్నారని బుల్లయ్య ఊరంతా చెప్పాడు. తల్లినీ అక్కనీ తలవకుండా మాట ముగియని ఆ షాపులో, కొద్దిరోజులకే 'చిత్తమండి', 'అలాగేనండి' తప్ప ఇంకో మాట వినిపించకుండా పోయింది.

అంతకన్నా ఘోరం, పంపులు బిగుసుకోసాగాయి. దాటేయడానికి ఏసుబాబు దగ్గర వంద మాటలున్నాయి కానీ, గంట చివర ఆమె మొహం చూస్తూ అవి అనడం అతనివల్ల కాలేదు. దూలానికున్న గొట్టాలు ఒక్కొక్కటీ దిగాయి. నేల కనిపించింది. ఒక మనిషి ఎందుకూ పనికిరాడని ఇన్నేళ్లు చెప్పుకుంటూ వచ్చిన నాకు అదంత బాగా అనిపించలేదు. నా ఆశ మాత్రం ఫ్యానుమీదే. అడిగితే పాత పాటే: అయిపోయినట్టే సార్.

వింతేమిటంటే, ఒక సాయంత్రం మెట్లెక్కుతూ చూస్తే ఫ్యాను నిండు ఆకారంతో బల్లమీద నిలబడి ఉంది. పొద్దున్నే వెళితే రెక్కలు మళ్లీ గోడకి. కొన్నాళ్లకు మళ్లీ అంతే. మాత్రలు వికటించాయనుకున్నాను.

మిరప పూతకొచ్చింది. పురుగు కూడా వచ్చింది. బుల్లయ్య పంపు కోసం వచ్చి, ఇక కదలనని గుమ్మంలో బైఠాయించాడు. నేను ఆరోజు వార్తలు పంపేసి, ఇంటికెళ్లేముందు వినోదం చూద్దామని హెల్మెట్ పట్టుకుని కిందికి దిగాను. అటు ఫోనులో శివపార్వతి, ఇటు ఏసుబాబు. గంట చివరికి ఆఖరి బోల్టు బిగిసింది. తాడు లాగగానే ఇంజను ఒక్క పిలుపుకే పలికింది. బుల్లయ్య మొహం వికసించింది. షాపు దక్కింది.

ఏసుబాబు మైకు తెరిచి, నీదెంతవరకొచ్చిందమ్మా అని అడిగాడు.

"ఒక్క పేజీ కూడా తిప్పలేదన్నయ్యా. మీరు అన్నీ పూర్తిచేసేస్తున్నారు. నేనే ఇట్లా. నావల్ల కాదు, రేపట్నుంచి నేను రానులెండి."

ఏసుబాబు చెయ్యి పానా మీదికి పోయింది. చూపు బుల్లయ్య పంపు మీదికి పోయింది. ఆ చూపు అర్థమైన బుల్లయ్య పంపుని చంటిబిడ్డలా పొదివి పట్టుకుని ఒక్క అంగలో రోడ్డుమీద పడ్డాడు.

అప్పుడు ఏసుబాబు బల్లకింద నుంచి నా ఫ్యాను తీశాడు. రెక్కలున్నాయి, జాలీ ఉంది, దుమ్ము తుడిచి మరీ ఉంది. ఫోనుకి వీపు తిప్పి, నా కళ్లెదుటే, నాలుగు స్క్రూలూ చకచకా ఊడదీశాడు. రెక్కలు ఒక చేత్తో, జాలీ ఒక చేత్తో పట్టుకుని ఫోనువైపు తిరిగాడు.

"నాది మాత్రం ఎక్కడయిందమ్మా? ఇదిగో చూడు, ఈ ఫ్యానుతో పొద్దుట్నుంచీ చస్తున్నా. నువ్వట్లా వెళ్లిపోతే దీన్ని ఎవరు బిగిస్తారు? ఇంకో గంట కూర్చుందాం. నీకు రెండు పేజీలు, నాకీ జాలీ."

ఆమె కాసేపు చూసి, పుస్తకం దగ్గరికి లాక్కుంది.

"కంపెనీ మేడమ్‌కే అబద్ధం చెబుతున్నాడేంటండీ?" అని బుల్లయ్య రోడ్డుమీంచి నన్నడిగాడు.

పంపుని బండికి కట్టివ్వడానికి ఏసుబాబు బయటికి వెళ్లాడు. నేను ఫోను ముందు కూర్చున్నాను. ఆ ఫ్యాను నాదని, అది బిగిసే ఉండిందని, ఇప్పుడే విప్పాడని చెప్పాను.

"తెలుసండీ," అంది శివపార్వతి. "ఆయన అటు తిరిగి విప్పుతారు. వెనక గోడకి అద్దం ఉంది కదా, అంతా కనిపిస్తుంది. ఇది మొదటిసారి కాదు."

"మరి ఆయనకి చెప్పలేదేం?"

"చెబితే ఇక విప్పరండీ. బిగించడం ఆయనకెంత కష్టమో నాకు తెలుసు. అట్లాంటిది నాకోసం విప్పేస్తుంటే, నేను పుస్తకం మూసి ఎట్లా లేస్తాను?"

పరీక్షలు మార్చిలో ఎప్పటికవుతాయని అడిగాను. నెలాఖరుకి అంది. ఏప్రిల్లో మా మేడ ఎట్లా కాలుతుందో ఆమెకి వివరంగా చెప్పాను. ఈసారి తప్పితే నాకు ఇంకో వేసవి పోతుందని, మాటలు కట్టిపెట్టి చదవమని కసిరాను. అలాగేనండీ అని నవ్వి తల వంచుకుంది.

వెనక కిర్రుమన్న చప్పుడైంది. ఏసుబాబు నా హెల్మెట్ అద్దం ఊడదీసి వెలుతురుకి పట్టి చూస్తున్నాడు.

"స్క్రూ వదులైంది సార్. అయిపోయినట్టే. బిగించడమే."

"తొందరేం లేదు," అన్నాను. "మార్చి వెళ్లనీ."