మామకు గిట్టని మంచి రేటు

పోయిన వారం తమిళనాట ధర్మపురి దగ్గరున్న పెరియంపట్టి నుంచి ఫోను వచ్చింది, మా మేనమామ ఇక లేడని. మల్బరీ తోటలో ఆకు కోస్తూ గట్టు మీద కూర్చున్నాడట, మళ్లీ లేవలేదట. కూర్చున్నాడన్న మాటే నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆయన ఒకచోట కుదురుగా కూర్చోగా నేను ఎన్నడూ చూడలేదు. ఆ దగ్గరలోని చెట్టికరైలో చదువుకునే రోజుల్లో నన్ను ఇంట్లో పెట్టుకుని సాకింది ఆయనే.

మీరు కట్టే పట్టుచీరకు మొదలు పట్టుపురుగులు పెంచే అలాంటి ఇళ్లలోనే ఉంటుంది. కాళ్లు కడుక్కోకుండా మామ పురుగుల గదిలోకి ఎవరినీ పోనిచ్చేవాడు కాదు. అక్కడికి తాలింపు ఘాటు రాకూడదు, చెడ్డ కబురు ఎత్తకూడదు. అంటే చైనా పేరు ఎత్తకూడదు. వసారాలో మాత్రం పొద్దస్తమానం అదే మాట. చైనా పట్టు చవగ్గా దిగితే ధర్మపురి మార్కెట్టులో మన పట్టుగూళ్లు అడిగేవాడుండడని, సరిహద్దులో గొడవ ముదిరితే ఆ సరుకు తగ్గి మనకు రేటు లేస్తుందని ఆయన నమ్మకం.

"వాడు ఒక చేత్తో పట్టు అమ్ముతాడు, ఇంకో చేత్తో గీత జరుపుతాడమ్మా," అనేవాడు. మన దేశమూ పెద్దదవుతోంది కదా అంటే, "పెద్దోళ్లిద్దరూ తోసుకుంటే నడాన నిలబడేది ఎవురి బిడ్డ?" అని తమిళ పేపరు మడిచి లేచిపోయేవాడు.

ఆయన ఒక్కగానొక్క కొడుకు ఆ సరిహద్దులోనే సిపాయి. రేటు పడితే మామకు దిగులు, లేస్తే భయం.

ఒకసారి ఆయన వెంట గూళ్ల వేలానికి వెళ్లాను. ఉన్నట్టుండి రేటు లేచింది. అందరూ సంబరపడుతుంటే మామ ముఖం పాలిపోయింది. కొడుక్కి ఫోను చేస్తే కలవలేదు. కర్ణాటకలో వానలకు పంట పోయింది, అందుకే ఈ రేటు అని పక్క రైతులు ఎంత చెప్పినా వినలేదు.

"వాని గొంతు విననీ, ఆమీద అమ్ముతా," అని మూటలన్నీ తిరిగి బండికెక్కించాడు.

నాకు ఒళ్లు మండింది. పట్టుగూళ్లు మనకోసం ఆగవు. కొడుకు ఫోను వచ్చేలోపే పురుగులకు రెక్కలొచ్చి, గూళ్లు తొలుచుకుని బయటపడ్డాయి. తెగిన దారాన్ని ఎవరు కొంటారు? అత్త తిట్లు వీధంతా విన్నది. కొడుకు సిగ్నలు లేని మంచుకొండ మీద ఉన్నాడు, అంతే. మామ మాత్రం వాడి గొంతు విన్న ఆ పూట అడిగి మరీ అన్నం పెట్టించుకున్నాడు.

ఆ తర్వాత కొడుకే ఉపాయం కనిపెట్టాడు. ధర్మపురి రేటు తన ఫోనులో చూసుకుని, లేచిన రోజు తానే ముందుగా పిలిచేవాడు. సిగ్నలు కోసం ఎంత దూరం నడిచేవాడో నాకు తెలియదు. నేను బాగున్నాను, అమ్మేయ్ అని చెప్పి పెట్టేసేవాడు. అప్పుడు గానీ మామ వేలానికి సరే అనేవాడు కాదు.

కొడుకు వచ్చేసరికి దహనం అయిపోయింది. గదిలో మామ పెంచిన ఆఖరి పంట గూళ్లు కట్టి ఉంది. అది ఆగేది కాదు కాబట్టి, కర్మలు ముగియకముందే మార్కెట్టుకు తీసుకెళ్లాం. ఆ రోజు రేటు బాగా లేచింది. ఇస్తావా అని వేలం పాడే మనిషి అడిగాడు. కొడుకు గూళ్ల గుట్టలో మణికట్టు దాకా చెయ్యి దూర్చి, తల వంచాడు.

"నేను బాగుండాను నాయనా," అన్నాడు.

వెనక వరసలో వాళ్లెవరూ తొందరపెట్టలేదు. అతను చాలాసేపు చెయ్యి బయటికి తీయలేదు.