బయాన్ గోడ దగ్గర రోజారమణి

మైపాడు సముద్రం ఒడ్డున, చేపలు పట్టుకు బతికే పట్టపుపాలెంలో రోజారమణి చేతి వంటంటే పెళ్ళివాళ్ళు ముందే వచ్చి మాట్లాడుకునేవారు. కావలిలో చంద్రమౌళి అనే ఆయన జనాన్ని విదేశీ యాత్రలకు తీసుకుపోతుంటాడు. ఎంత దూరం పోయినా మనవాళ్ళకు చారూ పచ్చడీ లేనిదే ముద్ద దిగదు కాబట్టి ఆమెను వంటమనిషిగా వెంటబెట్టుకున్నాడు. అలా ఖాట్మండు, కొలంబో, బ్యాంకాక్ తిరిగింది. తిరిగిందన్న మాటే గానీ చూసింది హోటళ్ళ వెనక వంటగదులే. పాలెంలో అమ్మలక్కలు "ఎట్టుండాయి రోజా ఆ దేశాలు?" అనడిగితే, "పొయ్యిలు పెద్దయి" అని నవ్వేసేది. లోపల మాత్రం చిన్నతనంగా ఉండేది.

కాంబోడియా పోయినప్పుడు ఒక పొద్దున, యాత్రకొచ్చిన ఇందిరమ్మగారికి మోకాలు పట్టేసింది. గుళ్ళకు పోయే బస్సు సిద్ధంగా ఉంది.

"చంద్రమౌళీ, ఈ అమ్మాయి నా చెయ్యి పట్టుకుంటే వస్తా. లేకుంటే లేదు" అందావిడ.

"మరి మధ్యాహ్నం వంట ఎట్టమ్మా?" అన్నాడాయన.

"ఒక పూట పెరుగన్నం తింటే ఏం కాదులేబ్బా."

బయాన్ గుడి గోపురాల మీద ఏ దిక్కు చూసినా రాతి ముఖాలే, సన్నగా నవ్వుతూ. అందరూ తలలెత్తి ఫోటోలు తీసుకుంటున్నారు. ఇందిరమ్మను నీడన కూర్చోబెట్టి రోజారమణి కింది గోడ వెంబడి నడిచింది. రాతిలో పడవ, వల, నీళ్ళ నిండా చేపలు. ఇంకొంచెం ముందుకు పోతే సంత. నేల మీద కూర్చుని సరుకమ్మే ఆడవాళ్ళు. ఆ పక్కనే మంట మీద కుండపెట్టి వండే మనుషులు. గుడి గోడంటే దేవుళ్ళూ రాజులే ఉంటారనుకున్న ఆమె కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

ఇందిరమ్మ కుంటుకుంటూ వచ్చి, "ఏందమ్మా, అట్ట నిలబడినావు?" అంది.

"మా వాళ్ళమ్మా" అంది రోజారమణి, రాతిలోని వలనీ కుండనీ చూపిస్తూ.

సాయంత్రం వడ్డన కాగానే చంద్రమౌళి దగ్గరికి పోయింది. "అన్నా, ఇంక మీదట పోయిన ప్రతి దేశంలో నన్నొక పూట వదిలిపెట్టు. చూసొస్తా. కుదరదంటే వంటకి ఇంకొకర్ని చూసుకో."

ఆమె అంత నిక్కచ్చిగా మాట్లాడటం ఆయనెప్పుడూ వినలేదు. కాసేపు తల గోక్కుని, "సరేలే. ఆ పూట అందరికీ పెరుగన్నమే" అన్నాడు.

మళ్ళీ నేపాల్ పోయినప్పుడు భక్తపూర్‌లో చెక్కలో నెమలిని చెక్కిన కిటికీ కింద చాలాసేపు నిలబడింది. శ్రీలంకలో కాండీ బుద్ధుడి గుడి దగ్గర డప్పులు మోగుతుంటే, తామరపూలు పట్టుకున్నవాళ్ళ వరసలో తనూ ఒక పువ్వు కొనుక్కుని చేరింది. బాలిలో ఒక పొద్దున హోటల్ వంటామె, వండిన అన్నం చిటికెడు చిటికెడు ఆకుముక్కల్లో పెట్టి దేవుళ్ళకు నైవేద్యంగా పొయ్యి పక్కన, కుళాయి దగ్గర, గడప మీద ఉంచుతోంది. రోజారమణి చెయ్యి తుడుచుకుని దగ్గరికి పోయింది. భాష రాదు. ఆమె నవ్వి, నాలుగు ఆకులు ఈమె చేతిలో పెట్టింది. ఇద్దరూ కలిసి పెరటి దాకా పెట్టుకుంటూ పోయారు.

ఈ ఏడు వియత్నాం అంటున్నాడు చంద్రమౌళి. "ఆడ ఏమేం చూడాలన్నా?" అని ఆమె ఇప్పటి నుంచే అడుగుతోంది.